ఉమ్మెత్త పువ్వు, నాలుగడుగుల ఎత్తున

ఉమ్మెత్త పువ్వు ఖరీదెంతో ఎవరైనా చెప్పగలరా?

వినాయక చవితి ముందురోజు చిక్కడపల్లి మార్కెట్ దగ్గర పత్రి అమ్మేవాళ్లు మాచీపత్రి, మారేడు, జిల్లేడు, రేగు, ఉత్తరేణి వీటన్నిటితో పాటు నాలుగు ఉమ్మెత్త ఆకులు కూడా కట్టలో కలిపి మన సంచీలో పడేస్తారు. విడిగా దానికో ధరంటూ లేదు. పండగ వెళ్లిన మర్నాటి నించీ ఆ మొక్కని పట్టించుకునే నాథుడుండడు. అశోక్ నగర్ సందుల్లో పాత ఇల్లు పడగొట్టి, అపార్టుమెంటు ఇంకా లేవని జాగా ఏదైనా ఉంటే ఆ మట్టిదిబ్బ మీద తన మానాన తను మొలుస్తుంది. సాయంత్రం పూట తెల్లగా విచ్చుకుంటుంది. మర్నాడు ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. విషపు మొక్క గనక పశువులు కూడా మూతి పెట్టవు. శివుడొక్కడే నెత్తిన పెట్టుకున్నాడు.

అటువంటి పువ్వు బొమ్మ ఒకటి 2014 నవంబరులో న్యూయార్కు వేలంపాటలో 4 కోట్ల 44 లక్షల డాలర్లు పలికింది. అప్పటికి ఏ స్త్రీ వేసిన బొమ్మకీ వేలంలో అంత ధర రాలేదు. వేసినావిడ జార్జియా ఓకీఫ్. వేసింది 1932లో. అమెరికావాళ్లు ఆ మొక్కని జిమ్సన్ వీడ్ అంటారు. వీడ్ అంటే కలుపు మొక్క. మన ఉమ్మెత్తా, వాళ్లదీ ఒకే జాతి, రకం వేరు, అంతే. కలుపు మొక్కకి అక్కడా మర్యాద తక్కువేనన్నమాట.

ఆ బొమ్మ ఎత్తు నాలుగడుగులు, వెడల్పు మూడడుగుల నాలుగంగుళాలు. మొత్తం ఒకే ఒక్క పువ్వు. కూజా లేదు, బల్ల లేదు, పక్కన పండ్లపళ్లెం లేదు. పువ్వు సరిగ్గా మన మొహంలోకి మొహం పెట్టి చూస్తున్నట్టుంటుంది. అయిదు మొనలు, మొన చివర సన్నటి తోక, నడిమధ్య లేతాకుపచ్చ. చుట్టూ ఆకులు, వెనకాల కాస్త నీలం. తెలుపంటే ఒక్కటే తెలుపు కాదని ఆ బొమ్మ చూశాకే తెలుస్తుంది. పాల తెలుపు, సున్నం తెలుపు, నీడపట్టున ఆరేసిన పంచె తెలుపు, అన్నీ ఒకదాన్లోకి ఒకటి కలిసిపోతూంటాయి. కుంచె గీత ఎక్కడా కనిపించదు.

ఇంత చెప్పాక మీరు నన్ను అడగబోయేది నాకు తెలుసు. “ఇంతకీ ఆవిడెవరు? పెళ్లయిందా? ఆయనేం చేసేవాడు?”

ఈ ప్రశ్నే ఈ వ్యాసానికి అసలు కారణం. నేను నవలలు రాస్తాను. సీరియల్ నడుస్తున్నన్నాళ్లూ పాఠకుల నించి వచ్చే ప్రశ్నలు రెండే. “అందులో సుజాత మీరేనాండీ?” అని ఒకటి. “మీవారు చదివారా? ఏమీ అనలేదా?” అని రెండోది. ఉత్తరాలు రాసే రోజులు పోయి ఫోనులో మెసేజీలు పెట్టే రోజులొచ్చినా ప్రశ్నలు మారలేదు. మగ రచయితని “మీ ఆవిడ ఏమీ అనలేదా?” అని ఎవరైనా అడగ్గా మీరు విన్నారా? నేను వినలేదు. ఆడది ఏం చేసినా దాని వెనక ఆవిడ ఒంటినీ ఇంటినీ వెతకడం మనకే కాదు, అమెరికావాళ్లకీ అలవాటే. ఓకీఫ్ తొంభై ఎనిమిదేళ్లు బతికి, అందులో సగం పైగా ఈ అలవాటుతోనే పోట్లాడింది.

అలాగని జీవితం చెప్పకుండా ఎలా? చెపుతాను. అయితే ఆవిడ జీవితంలో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటే: ఆవిడ ఎప్పుడు దేన్ని వదిలేసింది అన్నది.

విస్కాన్సిన్ రాష్ట్రంలో సన్ ప్రెయిరీ అనే ఊరి దగ్గర పాడీ పంటా ఉన్న ఇంట్లో 1887 నవంబరు 15న పుట్టింది. ఏడుగురు పిల్లల్లో రెండోది. మన ‘కన్యాశుల్కం’ మొదటిసారి రంగం మీదికెక్కిన 1892లో ఈవిడ నాలుగేళ్ల పిల్ల. చికాగోలో, తర్వాత న్యూయార్కులో బొమ్మలు నేర్చుకుంది. 1908లో చచ్చిన కుందేలునీ రాగి గిన్నెనీ పక్కపక్కన పెట్టి వేసిన బొమ్మకి బడిలో బహుమతి కూడా వచ్చింది. అచ్చం మాష్టారు వేసినట్టే ఉందన్నమాట. అచ్చం మాష్టారిలా వెయ్యడానికి మాష్టారుండగా నేనెందుకనుకుందో ఏమో, ఆవిడ కుంచె వదిలేసింది. ఇంట్లో డబ్బూ అంతంతమాత్రమే. చికాగోలో వ్యాపార ప్రకటనలకి లేసులూ, ఎంబ్రాయిడరీలూ గీసే ఉద్యోగం చేసింది.

1912లో ఆర్థర్ వెస్లీ డౌ అనే ఆయన పద్ధతి ఆవిడ చెవిన పడింది. జపాను బొమ్మలు చూసి తయారుచేసిన పద్ధతి అది. ఉన్న వస్తువుని ఉన్నట్టు దించడం కాదు, ఖాళీని అందంగా నింపడమే బొమ్మ అంటాడాయన. ఇది అమెరికావాళ్లకి కొత్తేమో గాని మనకి కొత్తేం కాదు. సంక్రాంతి నెలలో వాకిట్లో చుక్కలు పెట్టే ప్రతి ఆడపిల్లకీ తెలుసు, ముగ్గులో గీతకెంత విలువో గీతకీ గీతకీ మధ్య ఖాళీకి అంత విలువని.

1915లో దక్షిణ కరొలైనాలో పాఠాలు చెప్పుకుంటూ, ఓరోజు తను అప్పటిదాకా వేసినవన్నీ గదిలో గోడలకి తగిలించి చూసింది. ఇది ఫలానా మాష్టారు మెచ్చుకోవాలని వేసింది, అది ఇంకొకాయన మెచ్చుకోవాలని వేసింది. తనకోసం వేసింది ఒక్కటీ కనబడలేదు. అన్నీ తీసి అవతల పెట్టేసింది. రంగులు కూడా వదిలేసింది. ఉత్త బొగ్గుతో మొదలుపెట్టి, రంగు లేకుండా ఇంక కుదరదు అన్నప్పుడే రంగు ముట్టాలని నియమం పెట్టుకుంది. నెలల తర్వాత, 1916లో ఆ అవసరం పడింది. అప్పుడు ముట్టుకున్నది నీలం. (మన నవలలు కూడా అలా వరసగా గోడకి చేరేసి చూసుకుంటే ఏది ఏ సంపాదకుడి కోసం రాశామో తెలిసిపోతుంది. అంచేతే మనం చూసుకోం.)

ఆ బొగ్గు బొమ్మల్ని స్నేహితురాలు అనిటా పోలిట్జర్‌కి పంపింది. ఆ పిల్ల వాటిని 1916 జనవరి 1న ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ చేతిలో పెట్టింది. న్యూయార్కులో పేరుమోసిన ఫోటోగ్రాఫర్, చిత్రశాల నడిపేవాడు, ఓకీఫ్ కన్నా ఇరవై మూడేళ్లు పెద్ద. ఆవిణ్ని ఒక్క మాటైనా అడక్కుండా బొమ్మల్ని ప్రదర్శనకి పెట్టేశాడు. విని, తీయించేద్దామని ఈవిడ వెళ్లింది. బొమ్మలు గోడ మీదే ఉన్నాయి. తర్వాతి కథ ఊహించుకోవచ్చు. 1924లో పెళ్లయింది. పేరు మాత్రం ఆవిడ మార్చుకోలేదు.

స్టీగ్లిట్జ్ లేకపోతే ఓకీఫ్ అంత త్వరగా పైకొచ్చేది కాదు. అది నిజం. ఆయన వల్లే ఆవిడ బొమ్మల్ని ఎవరూ తిన్నగా చూడలేకపోయారు. అదీ నిజమే. ఇరవై ఏళ్లలో ఆయన ఆవిడవి మూడొందలకి పైగా ఫోటోలు తీశాడు. చేతులు, మెడ, ఒంటి మీద బట్ట లేనివీ. 1921లో వాటిలో కొన్నిటిని ప్రదర్శనకి పెట్టాడు. ఊరంతా వచ్చి చూసింది. ఆ తర్వాత 1923లో ఆవిడ చిత్రాల పెద్ద ప్రదర్శన పెడితే, విమర్శకులు బొమ్మల్లో కూడా ఆ ఫోటోల్లో మనిషినే వెతుక్కున్నారు. స్త్రీ హృదయమన్నారు, స్త్రీ దేహమన్నారు. ఇదంతా చదివి ఆవిడకి ఒళ్లు మండింది. అర్థం కాని ఆకారాలు వేస్తే కదా మీ ఇష్టమొచ్చిన అర్థం చెప్పుకుంటున్నారు, ఇదిగో చూడండి, ఇది పువ్వు అని 1924 నించీ పువ్వులు వెయ్యడం మొదలుపెట్టింది. అదీ పెద్దగా, హడావిడిగా తిరిగే న్యూయార్కువాళ్లు కూడా ఆగి చూసేంత పెద్దగా.

ఆగి చూశారు. చూసి, పువ్వులో కూడా అదే వెతుక్కున్నారు! 1939లో ఆవిడ విసుగెత్తి రాసినదాని సారాంశం ఏమిటంటే, నేను చూసింది మీరు చూడాలని వేస్తే, మీ మనసులో ఉన్నదంతా తెచ్చి నా పువ్వుకి తగిలించి, అది నేను చూశానంటున్నారు అని.

వాళ్లనుకున్న అర్థం బొమ్మల్లో బొత్తిగా లేదని నేననను. పువ్వంటేనే మొక్క పిల్లల్ని కనే చోటు. దాన్ని నాలుగడుగులు చేసి నిలబెడితే చూసేవాడికి ఒక ఆలోచన రావడంలో వింత లేదు. నా ఫిర్యాదు వేరే. ఆ అర్థం పెటూనియాకీ సరిపోతుంది, లిల్లీకీ సరిపోతుంది, ఉమ్మెత్తకీ సరిపోతుంది. అన్ని పువ్వులకీ ఒకేలా సరిపోయే అర్థం ఏ ఒక్క పువ్వు గురించీ ఏమీ చెప్పదు. పైగా ఆవిడ ఇదే చూపుతో 1927లో రేడియేటర్ బిల్డింగ్ అనే ఆకాశహర్మ్యాన్ని రాత్రిపూట దీపాలతో వేసింది. 1931లో ఎండిపోయిన ఆవు పుర్రెని వేసింది. వాటికేం అర్థం చెపుతారు? పద్ధతి ఒకటే. దగ్గరికి వెళ్లడం, చుట్టూ ఉన్నదంతా కోసి పారెయ్యడం, మిగిలిన దానికి బొమ్మ అంచుల దాకా చోటివ్వడం. ఫోటోగ్రాఫర్ల మధ్య బతికిన మనిషి గనక ఎక్కడ కొయ్యాలో ఆవిడకి బాగా తెలుసు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఆవిడ బొమ్మలు పుస్తకంలో అచ్చేసినా, కాలెండరు మీద వేసినా అందం పెద్దగా చెడవు. చూడగానే నచ్చుతాయి, చూడగానే అయిపోతాయి కూడా. 1946లో క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ అనే పెద్ద విమర్శకుడు ఆవిణ్ని దాదాపు కొట్టిపారేశాడు. నేనంత దూరం పోను గాని, పుర్రె పక్కన గుడ్డ పువ్వులు తేలుతూండే బొమ్మలు నాకు కాస్త అలంకారంగానే తోస్తాయి. అశోక్ నగర్లో పోటీ పరీక్షలకి చదివే పిల్లల పుస్తకాల్లో ఎప్పుడైనా ఈవిడ పేరొస్తే “పువ్వులు వేసిన అమెరికన్ చిత్రకారిణి” అని ఒక్క బిట్టుతో సరిపెట్టేస్తారు. ఆవిడ చేసిన రెండు వేల పైచిలుకు పనుల్లో పువ్వులు రెండొందల దాకా మాత్రమే. పదింట ఒకటి.

మిగతా తొమ్మిది ఎక్కడున్నాయో తెలియాలంటే న్యూ మెక్సికో వెళ్లాలి. మన నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారు తెలుగు ఆడపిల్లలకి బడి పెట్టింది 1928లో. ఆ మరుసటి ఏడాది వేసవిలో, నలభై ఒక్కేళ్ల వయసులో, ఓకీఫ్ భర్తని న్యూయార్కులో వదిలి, స్నేహితురాల్ని వెంటబెట్టుకుని న్యూ మెక్సికోలో టావోస్ అనే ఊరికి వెళ్లింది. అక్కడ కారు నడపడం నేర్చుకుంది. సొంతంగా ఫోర్డు కారు కొనుక్కుంది. ఆ తర్వాతి కాలంలో ఎండ పడలేక కారు సీటు తిప్పేసుకుని అందులోనే కూర్చుని బొమ్మలు వేసేది. దాదాపు ప్రతి వేసవీ అక్కడికే. 1940లో ఘోస్ట్ రాంచ్ అనే చోట ఓ ఇల్లు కొంది. 1945లో అబిక్యూ అనే పల్లెలో పాడుబడ్డ మట్టి ఇల్లు కొంది. 1946లో స్టీగ్లిట్జ్ పోయాడు. 1949 నించీ ఆవిడ పూర్తిగా అక్కడే.

ఆ అబిక్యూ ఇల్లు కొనడానికి పదేళ్లు వెంటబడిందట. ఎందుకయ్యా అంటే, లోపలి వాకిలి గోడకి ఒక తలుపుంది, అదొక్కటీ నచ్చి! ఆ తలుపుని ఇరవైసార్లకి పైగా వేసింది. నన్నడిగితే ఆవిడ పనితనం పువ్వుల్లో కన్నా ఆ తలుపులో ఎక్కువ కనపడుతుంది. మట్టి గోడ, అందులో నిలువుగా ఒక చదరం, పైన సన్నటి ఆకాశం, కొన్నిట్లో కింద చదరపు రాళ్ల వరస. అంతే. చిక్కడపల్లిలో పాతకాలపు ఇళ్లు చూసినవాళ్లకి ఆ మధ్యాహ్నపు వాకిలి కొత్తగా ఉండదు. గోడ మీద ఎండ, తలుపు సందులో చీకటి, ఇంట్లో అందరూ పడుకున్న వేళ.

ఇక్కడే జీవితచరిత్ర మన కొంగు పట్టుకు లాగుతుంది. భర్త పోయిన రోజుల్లో మొదలైన బొమ్మలు, తలుపేమో నలుపు, అంచేత ఇది దుఃఖం అనెయ్యాలనిపిస్తుంది. కాని అదే తలుపుని 1955లో ఆకుపచ్చగా వేసింది. 1956లో దాని ముందు ఒకే ఒక్క పచ్చటి ఆకుని పెట్టింది. దుఃఖమే అయితే ఆ ఆకు ఎందుకు? తలుపు ఇంకా చూడ్డం అవలేదు గనక మళ్లీ వేసింది అనుకుంటే అన్ని బొమ్మలకీ సరిపోతుంది. పువ్వు బొమ్మ ముందు నిలబడి చూసేవాడు తన కథ తగిలించగలడు. ఈ తలుపుకి మాత్రం తగిలించడానికి మేకు దొరకదు.

అయితే వదిలెయ్యడం కూడా ఊరికే రాదు. ఘోస్ట్ రాంచ్ ఇంటి ముంగిట్లోంచి పెదర్నాల్ అనే కొండ కనిపిస్తుంది. నెత్తి కోసేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు వేసిందో! నువ్వు చాలినన్నిసార్లు వేస్తే ఆ కొండ నీకిచ్చేస్తానని దేవుడు తనతో అన్నాడని హాస్యమాడేది. హాస్యమే, కాదనను. కాని పెదర్నాల్ అంటే స్పానిష్‌లో చెకుముకి రాయి కొండ. ఆ రాతితో పనిముట్లు చేసుకున్న ఆదివాసులు వేల ఏళ్లుగా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. ఓకీఫ్ కొండల బొమ్మల్లో మనుషులుండరు. పువ్వు చుట్టూ బల్లనీ, కూజానీ కోసేసినట్టే కొండ చుట్టూ ఊళ్లనీ, మనుషుల్నీ కోసేసింది. బల్ల పోతే పువ్వు బాగుపడింది. మనుషులు పోతే కొండ “నాది” అయింది. మన బంజారా హిల్స్‌లో పేరులో బంజారాలు మిగిలినట్టు, అక్కడ కూడా పేరే మిగిలింది. ఆవిడ గొప్పదనం, ఆవిడ కొరత ఒకే కత్తెరలో ఉన్నాయని నా అభిప్రాయం.

ఇక మొదటి ప్రశ్న సంగతి. 1946లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం ఆవిడ చిత్రాల్ని కలిపి ప్రదర్శించింది. ఒక స్త్రీ కృషికి అంత పెద్ద ప్రదర్శన ఆ మ్యూజియం పెట్టడం అదే మొదలు. స్త్రీలలో మేటి చిత్రకారిణి అని ఎవరైనా అంటే ఆవిడకి నచ్చేది కాదు. చిత్రకారుల్లో మేటి అనండి, లేకపోతే ఊరుకోండి అన్నట్టుండేది వరస. స్త్రీల హక్కుల కోసం పనిచేసే పార్టీలో వయసులో ఉన్నప్పుడే చేరిన మనిషి, 1970ల్లో స్త్రీవాదులు ఆ పువ్వుల్ని తమ జెండాగా ఎత్తుకుంటే మాత్రం దూరంగా జరిగింది. వాళ్లు గౌరవంతో అన్నా, మగ విమర్శకులు వెకిలిగా అన్నా, చివరికి చెప్పింది ఒకే అర్థం కదా అని ఆవిడ బాధ.

మన దగ్గర చూడండి. రాజమండ్రి దామెర్ల రామారావు గారి పేరు బొమ్మల గురించి తెలిసినవాళ్లందరికీ తెలుసు. 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. ఆయన భార్య సత్యవాణి గారు కూడా బొమ్మలు వేసేవారు. ఈ ముక్క ఎంతమందికి తెలుసు? తెలిసినా “రామారావు గారి భార్య” అన్న తర్వాతే కదా తెలుస్తుంది. నేనూ ఇప్పుడు అలాగే చెప్పాల్సొచ్చింది. వేరే దారి భాషే ఇవ్వదు.

ఓకీఫ్‌కి డెబ్భై దాటాక విమానాల మీద మోజు పట్టింది. 1959లో ప్రపంచమంతా తిరుగుతూ మన దేశానికీ వచ్చింది. విమానం కిటికీలోంచి కింద చూసిన మబ్బుల్ని, డెబ్భై ఏడేళ్ల వయసులో, 1965లో, ఇంటి గారేజీలో గుడ్డ పరిచి వేసింది. ఎనిమిదడుగుల ఎత్తు, ఇరవై నాలుగడుగుల పొడుగు. చలికాలం వచ్చేస్తే గారేజీలో పని సాగదని పొద్దస్తమానం వేసి ముగించింది. 1970ల మొదట్లో చూపు మందగించి, మధ్యలో ఉన్నది కనపడక, అంచులు మాత్రమే కనపడే స్థితి వచ్చింది. ఇంకొకరి సాయం లేకుండా నూనె రంగులతో వేసిన ఆఖరు బొమ్మ 1972ది. ఆ తర్వాత మట్టి ముద్దల్ని చేత్తో తడుముకుంటూ కుండలు చేసింది. 1986 మార్చి 6న శాంటా ఫేలో పోయింది. బూడిద పెదర్నాల్ మీద చల్లారు.

ఆ మబ్బుల బొమ్మ చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోకి కూడా పంపాలనుకున్నారు గాని, అక్కడి మ్యూజియం గుమ్మంలో పట్టక చికాగోలోనే ఉండిపోయింది. మా చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. కాలెండరులో పట్టని ఓకీఫ్ అదే. కింద పెద్ద మబ్బుపలకలు, పైకి పోనుపోను చిన్నవై, చివర ఆకాశంలో గులాబి గీత. మా పక్కన ఒక పెద్దావిడ నిలబడి చూస్తోంది. చీర మీద స్వెట్టరు, కాళ్లకి బూట్లు. కూతురి పురుటికో, కోడలి పురుటికో వచ్చినావిడ కాబోలు. “ఇది మనం వచ్చేప్పుడు కనపడ్డదే కదూ?” అంది మనవడితో తెలుగులో.

ఎవరు వేశారనీ, ఆవిడెవరి భార్య అనీ అడగలేదు. బొమ్మకి ఆ చివర నించి ఈ చివరికి మెల్లిగా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి, ఇంకోసారి చూసింది.